పడమటి తీరం నిజంగా తెలియనిదేనా? ‘వైకింగ్స్’ తొలి సీజన్‌పై ఒక చరిత్ర పరిశీలన

చారిత్రక ధారావాహికల స్క్రిప్టులను చిత్రీకరణకు ముందే చదివి, వాటిలో ఆధారాలకు నిలిచేదేమిటో, నిలవనిదేమిటో రాసివ్వడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి అభ్యాసంగా నేను ఎక్కువసార్లు ఇచ్చే ఉదాహరణ ‘వైకింగ్స్’. మైకేల్ హర్స్ట్ సృష్టించి రాసిన ఈ సిరీస్ 2013 మార్చిలో హిస్టరీ ఛానల్‌లో మొదలై, ఆరు సీజన్లు, 89 ఎపిసోడ్లుగా 2020 చివరి వరకు సాగింది. అంత పెద్ద కథను ఒక్క నివేదికలో కొలవడం సాధ్యం కాదు కనుక, ఇక్కడ తొలి సీజన్‌లోని ఒక మూలాంశాన్ని తీసుకుని, దాని చుట్టూ ఉన్న విషయాలను మాత్రమే పరిశీలిస్తున్నాను.

స్క్రిప్టు చేతికి రాగానే నేను ముందుగా వస్తువుల జోలికి పోను. కత్తి పిడి ఏ శతాబ్దానిది, తలుపు మీద చెక్కడం ఏ శైలిది అన్న ప్రశ్నలకు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వారు ఎలాగూ జవాబులు వెతుక్కుంటారు. కొమ్ముల శిరస్త్రాణం విషయమే చూడండి. ఆ రూపం 1876లో బైరాయిట్‌లో వాగ్నర్ సంగీత నాటకాలకు దుస్తులు రూపొందించిన డెప్లర్ చేతుల మీదుగా జనంలోకి బలంగా వెళ్లింది. వైకింగుల, అంటే ఆనాటి స్కాండినేవియా సముద్ర యోధుల, కాలపు తవ్వకాల్లో కొమ్ములున్న శిరస్త్రాణం ఒక్కటీ దొరకలేదు. ఈ సిరీస్ యోధుల తలల మీద కూడా కొమ్ములు లేవు. ప్రేక్షకులు ఎక్కువగా అడిగే ప్రశ్న అదే అయినా, దానితో తేలే విషయం చాలా చిన్నది. నేను వెతికేది, ఏ ఒక్క మాట తప్పయితే కథ మొత్తం వేరే దారి పట్టవలసి వస్తుందో ఆ మాటను.

తొలి సీజన్‌లో ఆ మాట ఇది: పడమట సముద్రం దాటితే భూమి ఉందన్న సంగతి స్కాండినేవియా వారికి తెలియదు. కట్టెగట్ అనే ఊరిని ఏలే ఎర్ల్ హరాల్డ్‌సన్ ఏటా వేసవిలో తన మనుషులను తూర్పు తీరాల మీదికే దోపిడీకి పంపుతుంటాడు. రైతు అయిన రాగ్నార్ లోథ్‌బ్రోక్ ఒక దేశదిమ్మరి ద్వారా పడమటి దేశాల గురించి విని, సూర్యుడు కనిపించకపోయినా దిక్కు చూపే రాయిని సంపాదించి, మిత్రుడు ఫ్లోకి చేత రహస్యంగా కొత్త రకం ఓడ కట్టించి, ఎర్ల్ ఆజ్ఞను ధిక్కరించి బయలుదేరుతాడు. ఆ ప్రయాణం 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో ముగుస్తుంది. కథగా ఇది ఎంతో బలమైన ఎత్తుగడ. ఒక మనిషి కుతూహలం, ఒక పాలకుడి మొండితనం ఎదురెదురుగా నిలిచాయి, ఆ రెంటి రాపిడిలో ఒక యుగం మొదలైంది. కానీ ఎనిమిదో శతాబ్దపు ఆధారాలతో పోల్చి చూస్తే ఈ పునాది నిలబడదు.

ఇంగ్లండ్ తొలినాటి సంవత్సరవారీ చరిత్ర అయిన ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో దక్షిణ ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజ్యాన్ని ఏలిన బెయోర్ట్రిక్ కాలానికి సంబంధించిన ఒక నమోదు ఉంది. సాధారణంగా దానిని 789 కింద చూస్తాం. మూడు ఓడలు దక్షిణ తీరానికి వచ్చాయి. రాజోద్యోగి ఒకరు గుర్రమెక్కి వెళ్లి, వచ్చినవారిని రాజుగారి ఊరికి తీసుకురాబోయాడు. వాళ్లు అతన్ని చంపేశారు. తరవాతి శతాబ్దాల్లో ఈ సంఘటనను తిరగరాసిన ఎథెల్‌వేర్డ్, ఆ ఉద్యోగి వారిని వర్తకులనుకున్నాడని కూడా చేర్చాడు. ఆ ఒక్క వివరం దగ్గర కాసేపు ఆగాలి. పరాయి ఓడ కనిపించగానే, సుంకమో విచారణో ఏదో ఒక మామూలు పని మీద, పెద్ద సైన్యం లేకుండా ఒక ఉద్యోగి ఎదురు వెళ్లాడంటే, సముద్రం మీద నుంచి పరాయివారు సరుకుతో రావడం ఆ తీరానికి వింత కాదన్నమాట. ఆ తరవాత 792లో మధ్య ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజు ఓఫా కెంట్ ప్రాంతపు చర్చిలకు ఇచ్చిన దానపత్రంలో, ఎన్ని మినహాయింపులు ఇచ్చినా, ఓడల మీద వచ్చే అన్యమతస్థులను ఎదుర్కొనే సైనిక బాధ్యత మాత్రం వారికి తప్పదని రాయించాడు. లిండిస్‌ఫార్న్ దాడికి ముందు ఏడాదే ఒక రాజు దస్తావేజులో ఈ భయం నమోదైంది.

ఇంకొక సాక్ష్యం ఇంతకంటే ఆసక్తికరమైనది. దాడి జరిగినప్పుడు ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఆస్థానానికి చెందిన పండితుడు ఆల్క్విన్, తన స్వదేశమైన, ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజు ఎథెల్రెడ్‌కు ఉత్తరం రాశాడు. సముద్రం మీద నుంచి ఇలాంటి విపత్తు వస్తుందని ఎవరూ ఊహించలేదన్న వాక్యం అందులోనిదే, దానినే అందరూ ఉదాహరిస్తారు. సిరీస్ పునాదికి కూడా ఆ వాక్యం బలమిస్తున్నట్టే కనిపిస్తుంది. అయితే అదే ఉత్తరంలో ఆల్క్విన్ రాజును, రాజు చుట్టూ ఉన్నవారిని మందలిస్తూ, మీరు జుట్టు, గడ్డం కత్తిరించుకునే తీరులో అన్యమతస్థులను అనుకరించాలని చూశారు కదా, ఎవరి తీరు మీకు నచ్చిందో వారి భయమే ఇప్పుడు మిమ్మల్ని పట్టుకోలేదా అని నిలదీస్తాడు. ఒకరి కేశాలంకరణను అనుకరించాలంటే వారిని దగ్గరగా, పదేపదే, శాంతి సమయంలో చూసి ఉండాలి. నార్తంబ్రియా ఆస్థానంలో ఉత్తర దేశాల వారి ఫ్యాషన్ చలామణీలో ఉందంటే, ఇరుపక్షాల వారూ ఒకరినొకరు ఎరిగినవారే.

తవ్వకాల సాక్ష్యం కూడా అటే మొగ్గుతుంది. డెన్మార్క్ పడమటి తీరంలోని రీబే అనే వర్తక కేంద్రం ఎనిమిదో శతాబ్దం తొలి దశకంలోనే వెలసింది. అక్కడి నుంచి ఉత్తర సముద్రం దాటితే ఫ్రిసియా, ఇంగ్లండ్ రేవులు. డెన్మార్క్‌లో పెరగని రెయిన్‌డీర్ కొమ్ములు ఆ ఊరి దువ్వెనల తయారీలో, 793కు ముందటి పొరల్లోనే కనిపించాయి. అంటే స్కాండినేవియా ఉత్తర భాగం నుంచి రీబే దాకా ముడిసరుకు నడుస్తున్నది. ఆ ఓడలు నడిపిన మనుషులు రేవుల్లో కూర్చుని ఎవరి దేశంలో వెండి ఎక్కడ ఉందో మాట్లాడుకోకుండా ఉన్నారని నేను నమ్మలేను.

తూర్పు దాడుల విషయంలో మాత్రం సిరీస్ సరైన చోటే నిలబడింది. ఎస్తోనియాలోని సాల్మెలో 2008, 2010 సంవత్సరాల్లో బయటపడిన రెండు ఓడల్లో నలభై మందికి పైగా మగవారిని ఆయుధాలతో సహా పాతిపెట్టారు. కాలం సుమారు 750. వారిలో చాలామంది స్వీడన్ మధ్య భాగం నుంచి వచ్చినవారని దంతాల రసాయన విశ్లేషణ చెబుతోంది. బాల్టిక్ దాటి సాయుధ ప్రయాణాలు చేయడం లిండిస్‌ఫార్న్‌కు ఒక తరం ముందే అలవాటైన పని అని ఇది చూపిస్తుంది.

కట్టెగట్ అన్న పేరు దగ్గర కూడా ఒక చిక్కుంది. అది ఊరు కాదు. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య ఉన్న సముద్ర భాగం. తెర మీద కనిపించే నిటారు కొండలు, ఇరుకు నీటిపాయ ఐర్లండ్‌లోని విక్లో కొండల్లో చిత్రీకరించినవి. అసలు కట్టెగట్ తీరాలు చాలావరకు చదునుగా ఉంటాయి. భూగోళం మారిందన్నది నాకు పెద్ద అభ్యంతరం కాదు, ప్రేక్షకుడు దానివల్ల నష్టపోయేది తక్కువ. నష్టం రాజకీయంలో ఉంది. అసలు కట్టెగట్ దక్షిణ భాగంలో ఉన్న సామ్సో ద్వీపాన్ని అడ్డంగా కోస్తూ 726లో ఒక కాలువ తవ్వారు. జట్లాండ్ ద్వీపకల్పం అడుగున డానెవిర్కె మట్టికోటలో ఒక దశ కలప 737 నాటిది. 808లో డేన్ల రాజు గోడ్‌ఫ్రెడ్ రెరిక్ అనే రేవును నాశనం చేసి, అక్కడి వర్తకులను హేడెబీ అనే వర్తక కేంద్రానికి తరలించాడని ఫ్రాంకుల రాజ వార్షికాలు చెబుతున్నాయి. వేలాది మంది శ్రమను ఒకచోట చేర్చగల, వర్తకం నుంచి వచ్చే ఆదాయం విలువ తెలిసిన పాలకులు ఆ నీళ్ల చుట్టూనే ఉన్నారు. సిరీస్‌లో అదే పేరు పెట్టుకున్న ఊరు మాత్రం ప్రపంచానికి దూరంగా, పైన రాజనేవాడి జాడ దాదాపు కనిపించకుండా, ఒక అనుమానపు ఎర్ల్ చేతిలో బతుకుతుంటుంది.

ఇక ఓడ. ఈ సీజన్‌లో నాకు అత్యంత ఇష్టమైన దృశ్యం ఇందులోనే ఉంది కనుక కొంత వివరంగా రాస్తాను. ఫ్లోకి అడవిలో చెట్లను తాకి చూస్తూ, ఏ మాను లోపల మంచి పలకలు దాగి ఉన్నాయో చెబుతాడు. ఇది కవితాత్మకంగా కనిపించినా అక్షరాలా వడ్రంగం. ఆనాటి ఓడల పలకలను రంపంతో కోసేవారు కాదు. పచ్చి ఓక్ దుంగను చీలికలు దిగగొట్టి, మధ్య నుంచి అంచుకు, నారను అనుసరించి చీల్చేవారు. ఆ తరవాత గొడ్డలితో చెక్కి పలుచన చేసేవారు. నార తెగకపోవడం వల్ల పలుచని పలక కూడా గట్టిగా ఉండి, అలల మీద వంగుతుంది కానీ విరగదు. మెలి తిరిగిన మాను ఇలా చీలదు కనుక, నరకక ముందే చెట్టును చదవగలగడం ఆ పనివాడికి ప్రాణం. రచయిత, దర్శకుడు ఈ జ్ఞానాన్ని ఒక పాత్ర స్వభావంగా మార్చిన తీరు మెచ్చుకోదగినది.

అంత శ్రద్ధ తీసుకున్నవారు ఓడ కట్టడాన్ని రహస్యం చేయడం వల్ల అదే దృశ్యం పక్కనే పెద్ద పొరపాటు వచ్చి చేరింది. సముద్రం దాటే ఓడకు పలకలు ఒక్కటే చాలవు. వేల సంఖ్యలో ఇనుప మేకులు కావాలి, వాటికి కమ్మరి, ఆ కమ్మరికి బొగ్గు. పలకల సందుల్లో దట్టించడానికి తారు పూసిన ఉన్ని కావాలి. అన్నిటికంటే భారమైనది తెరచాప. రోస్కిల్డె ఓడల మ్యూజియంలో పాత ఓడలకు నకళ్లు కట్టి ప్రయోగాలు చేసినవారి అనుభవం ప్రకారం, ఉన్ని వడికి, నేసి తెరచాప తయారు చేయడానికి పట్టే శ్రమ ఓడను కట్టే శ్రమకు ఏమాత్రం తీసిపోదు. ఎన్నో గొర్రెల ఉన్ని, ఎందరో స్త్రీలు నెలల తరబడి వడికిన నూలు లేకుండా ఆ ప్రయాణం లేదు. అందువల్ల ఓడ అంటే ఒక మేధావి, ఒక మిత్రుడు కలిసి చాటుగా చేసుకునే పని కాదు. భూమి, మంద, పనివారు ఉన్న ఇంటి పెద్ద, చుట్టుపక్కల ఊళ్ల సాయంతో తలకెత్తుకునే పెట్టుబడి. ఈ స్క్రిప్టు నా దగ్గరికి వచ్చి ఉంటే, రాగ్నార్ భార్య లగెర్తాకు కత్తి, డాలు ఇచ్చిన శ్రద్ధలో సగం ఆమె ఇంట్లో మగ్గానికి కూడా ఇవ్వమని రాసేవాణ్ని. తెరచాప మీద ఆమెకున్న హక్కుతో రాగ్నార్‌తో బేరమాడే ఒక్క సన్నివేశం ఆ సమాజంలో స్త్రీ బలం ఎక్కడ నుంచి వచ్చేదో చూపగలిగేది.

దిక్కు చూపే రాయి సంగతి క్లుప్తంగా చెబుతాను. మధ్యయుగపు ఐస్‌లాండ్ రచనల్లో సూర్యశిల ప్రస్తావన ఉంది; వైకింగ్ ఓడలో గానీ సమాధిలో గానీ నావికా సాధనంగా వాడినట్టు తేలిన స్ఫటికం ఇంతవరకు లేదు. కథలో వాడుకోవచ్చు. కాకపోతే అదే లేకపోతే పడమటికి పోలేరన్నట్టు చూపడం సరికాదు. తీరాలు, పక్షులు, అలల తీరు, పూర్వం వెళ్లివచ్చినవారి మాటలు నావికుడికి చాలినంత దారి చూపేవి.

దుస్తులలో సిరీస్ నల్లని తోలుకు అలవాటు పడిపోయింది. బిర్కా, హేడెబీ, ఓసెబెర్గ్‌లలో దొరికిన గుడ్డ ముక్కలు మాత్రం ఉన్ని, నార, ఎరుపు, నీలం రంగులు, సంపన్నుల దగ్గర పట్టు అని చెబుతాయి. జుట్టు విషయంలో, పక్కలు గొరిగి నడినెత్తిన జడలు వేసే తీరు ఈ సిరీస్ వల్లే లోకమంతా పాకింది. పాత ఇంగ్లీషులో మిగిలిన ఒక ఉత్తరం డేన్ల పద్ధతిని మెడ వెనక బోడిగా, కళ్లు మూసుకుపోయేలా ముందు జుట్టు పొడవుగా ఉండేదిగా వర్ణిస్తుంది. ప్రతి పెద్ద తవ్వకంలోనూ దువ్వెనలు దొరుకుతాయి కనుక, మురికి ముఖాల మేకప్ చాలావరకు తగ్గించవచ్చు. భాషల విషయంలో మాత్రం సిరీస్‌కు పూర్తి మార్కులు: రెండు జాతులు ఎదురుపడిన చోట పాత నార్స్, పాత ఇంగ్లీషు వినిపించి, ఒకరి మాట ఒకరికి అందని భయాన్ని ప్రేక్షకుడికి కలిగించారు.

సభ దృశ్యాలలో ఒక మెలిక ఉంది. జనం కూడి వాదించి తీర్పు చెప్పే ‘థింగ్’ అనే సభ కల్పన కాదు. తొమ్మిదో శతాబ్దంలో రింబెర్ట్ రాసిన, క్రైస్తవ మతబోధకుడు అన్స్‌గార్ జీవితచరిత్రలో, మతబోధకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది తన ఒక్కడి చేతిలో లేదని, జనసభ ముందు పెట్టాలని స్వీడన్ రాజు చెబుతాడు. రాజే సభ మాటకు కట్టుబడినప్పుడు, సభలో ఒక ఎర్ల్ పడమటి ప్రయాణం పేరెత్తితేనే మండిపడి, ఓడలన్నీ తనవేనని అంటే, ఎదురుగా ఉన్న స్వతంత్రులైన రైతులు నోరు మూసుకుని ఉండిపోవడం నాకు నమ్మశక్యంగా లేదు.

పునాది ఇలా కదిలితే ఏం పోతుంది? పోయేది కారణం. పడమటి సంపద గురించి ముందే తెలిసినవారు 790లలో ఒక్కసారిగా ఆయుధాలతో ఎందుకు దిగారన్నదే అసలు ప్రశ్న. రేవుల్లో పోగుపడ్డ వెండి, తీరాల అంచున కాపలా లేని మఠాలు, అనుచరులను నిలుపుకోవడానికి బహుమతులు పంచక తప్పని నాయకుల పోటీ, తెరచాపల వాడుక పెరగడం, ఇవన్నీ కలిసిన జవాబు అది. సిరీస్ ఆ ప్రశ్నను తీసేసి, ‘ఎవరు కనుక్కున్నారు’ అన్న ప్రశ్నను దాని స్థానంలో పెట్టింది. తెలియనిచోటికి వెళ్లిన అన్వేషకుడి మీద మనకు కలిగే గౌరవం, తెలిసిన పొరుగువాణ్ని దోచినవాడి మీద కలగదు. ప్రేక్షకుడి సానుభూతి ఎటు పోవాలో ఈ ఒక్క మార్పు నిర్ణయించింది.

కాలాన్ని కుదించడం దీనికి తోడైంది. 793 దాడికి వెళ్లిన రాగ్నారే ఆ తరవాత 802 నుంచి 839 వరకు ఏలిన వెసెక్స్ రాజు ఎగ్బెర్ట్‌తో ఒప్పందాలు చేసుకుంటాడు, పారిస్ ముట్టడిస్తాడు, చివరకు 867లో చనిపోయిన నార్తంబ్రియా రాజు ఏల్లా చేతిలో ప్రాణాలు విడుస్తాడు. పారిస్‌లోనూ 845 నాటి దాడి, 885–86 నాటి ముట్టడి కలగలిసిపోయాయి. 911 ప్రాంతంలో నార్మండీ పొందిన రోల్లో ఇందులో రాగ్నార్‌కు సోదరుడయ్యాడు. రాగ్నార్ అనే వ్యక్తి 1200 ప్రాంతంలో డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో రాసిన చరిత్రలోనూ, పదమూడో శతాబ్దపు సాగాలోనూ (పాత ఐస్‌లాండ్ వీరగాథ) రూపుదిద్దుకున్న పురాణపురుషుడు కనుక, అతని జీవితాన్ని సాగదీయడం వరకు రచయితకు స్వేచ్ఛ ఉంది. కానీ 793 తరవాతి ఎనభైకి పైగా ఏళ్లలో దాడుల స్వభావమే మారింది. మొదట వేసవిలో వచ్చి వేసవిలోనే వెళ్లిపోయేవారు. 841లో డబ్లిన్‌లో కోట కట్టుకున్నారు. 851 శీతాకాలాన్ని ఇంగ్లండ్‌లోని థానెట్ ద్వీపంలో గడిపారు. 865లో పెద్ద సైన్యంగా దిగారు. 876లో నార్తంబ్రియా భూములు పంచుకుని నాగలి పట్టారు. తరాలు మారుతూ, ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చిన ఈ మార్పును సిరీస్ రాగ్నార్ మనసులో మొదటి నుంచీ ఉన్న సేద్యపు కలగా మార్చేసింది.

ఇంతవరకు చెప్పినవి ఆధారాలకు విరుద్ధమైనవి. వేరే రకం చిక్కు ఇంకొకటి ఉంది: సిరీస్ ఆధారాన్ని నమ్మకంగా అనుసరిస్తుంది, ఆ ఆధారమే సందేహాస్పదం. ఎనిమిదో ఎపిసోడ్‌లోని స్వీడన్‌లోని ఉప్సాలా బలులు 1070లలో ఆడమ్ ఆఫ్ బ్రెమెన్ రాసిన వర్ణన నుంచి వచ్చాయి. తొమ్మిదేళ్లకోసారి ఉత్సవం, ప్రతి జాతిలో తొమ్మిది మగ ప్రాణులు, తోపులో వేలాడే శవాలు. ఆడమ్ ఆ చోటికి వెళ్లి చూసినవాడు కాదు. ఉత్తరాదిలో మతప్రచారం తన హక్కని చెప్పుకునే చర్చి పీఠానికి చెందినవాడు. అలాగని మొత్తం కొట్టిపారేయలేం. స్వీడన్‌లోని ఫ్రోసో చర్చి కింద తవ్వితే, ఒక బర్చ్ చెట్టు మోడు చుట్టూ ఎలుగుబంట్ల ఎముకలతో సహా బలుల ఆనవాళ్లు దొరికాయి. చెట్టు దగ్గర బలులు నిజమే. మనుషుల లెక్క, ఆలయ వైభవం గురించే జాగ్రత్త అవసరం. సిరీస్ అక్కడ కొండ మీద నిలబెట్టిన ఆలయం పన్నెండో శతాబ్దపు నార్వే క్రైస్తవ కొయ్య చర్చిలను గుర్తుకు తెస్తుంది. అసలు గామ్లా ఉప్సాలా పెద్ద పెద్ద సమాధి దిబ్బలున్న మైదానం. ఇలాంటి చోట నేను స్క్రిప్టును అడ్డుకోను. ఆ వర్ణనను పాత్రల్లో ఒకరి చూపుగా, అంటే భయపడుతున్న క్రైస్తవుడు అథెల్‌స్టన్ చూపుగా నడిపితే ఆధారం స్వభావం కూడా కథలోకి వస్తుందని సూచిస్తాను. ఆ ఎపిసోడ్ చాలావరకు అదే చేసింది, అందుకే అది నాకు ఈ సీజన్‌లో చరిత్రపరంగా పైస్థాయిదిగా అనిపిస్తుంది.

నా అభ్యంతరాలలో చివరిదీ, నేను ఎక్కువ పట్టుబట్టేదీ బానిసల విషయం. ఐర్లండ్ వార్షికాలలో 821 కింద, ఎటార్ అనే చోట, అంటే నేటి హౌత్‌లో, అన్యమతస్థులు దోచుకుని స్త్రీలను పెద్ద సంఖ్యలో ఎత్తుకుపోయారని ఉంది. డబ్లిన్, హేడెబీ, బిర్కా వంటి వర్తక కేంద్రాల సంపదలో మనుషుల అమ్మకానిది పెద్ద వాటా. లిండిస్‌ఫార్న్ నుంచి పట్టుకొచ్చిన అథెల్‌స్టన్‌ను సిరీస్ బానిసగానే మొదలుపెట్టింది, అంతవరకు మంచిదే. కానీ అతను కొద్ది ఎపిసోడ్లలోనే ఇంటి మనిషి, పిల్లలకు పెద్దదిక్కు, రాగ్నార్‌కు ప్రాణమిత్రుడు అయిపోతాడు. మిగిలిన బందీలు కథలోంచి జారిపోతారు. దాడి తరవాత ఆల్క్విన్ లిండిస్‌ఫార్న్ బిషప్ హిగ్‌బాల్డ్‌కు రాసిన మరో ఉత్తరంలో, చార్లెస్ రాజు, అంటే షార్లమేన్, యుద్ధం నుంచి తిరిగి రాగానే తాను వెళ్లి కలుస్తానని, అన్యమతస్థులు బందీలుగా పట్టుకుపోయిన కుర్రవాళ్ల విషయంలో చేతనైన సాయం చేస్తానని రాశాడు. ఆ కుర్రవాళ్లు బతికే ఉన్నారని, వారిని విడిపించే దారి ఉండవచ్చని, అందుకు డేన్లతో మాట్లాడగల రాజు ఒకడున్నాడని ఆల్క్విన్‌కు ఆశ ఉంది. పడమరను ఎరగనివారి చేతిలో పడ్డ బందీల గురించి ఇలాంటి ఆశ పుట్టదు. అందువల్ల తొలి సీజన్ మీద నా నివేదికలో మొదటి సూచన ఇలా ఉంటుంది: మూడో ఎపిసోడ్‌లో అథెల్‌స్టన్ రాగ్నార్ ఇంటి వాకిట్లోకి అడుగుపెట్టే రోజునే, రేవులో మరో ఓడ ఎక్కుతున్న ఆ కుర్రవాళ్లను, వారికి వెల కడుతున్న వర్తకుణ్ని చూపండి. ఆ వర్తకుడికి ఇంగ్లీషు మాటలు నాలుగైనా వచ్చి ఉండాలి.